సగానికి సగం అడిగితే ఏం చేయాలి? పాత నాణేలు, వాచీలు ఆన్‌లైన్‌లో అమ్మేవారికి బేరం మార్గదర్శి

ప్రకటన పెట్టిన పది నిమిషాలకే ఫోన్ మోగడం మొదలవుతుంది. "లాస్ట్ ఎష్టు?" అని ఒకరు కన్నడంలో, "ఫైనల్ చెప్పు బ్రో" అని ఇంకొకరు. అయిదున్నర వేలు పెట్టిన వాచీకి "రెండున్నర, ఇప్పుడే జీపే చేస్తా" అని మూడో ఆయన. బెంగళూరులో ఉంటూ ఇంట్లోని పాత నాణేలు, హెచ్‌ఎమ్‌టీ వాచీలు, స్టాంపులు అమ్ముకునే తెలుగువాళ్ళు మళ్ళీమళ్ళీ అడిగేది ఇదే: ఇలా అడ్డికి పావుసేరు అడిగేవాళ్ళకు ఏం జవాబివ్వాలి, అసలు ఇవ్వాలా వద్దా?

తక్కువ బేరం చాలావరకు మనం ప్రకటనలో చెప్పకుండా వదిలేసిన చోటునుంచే పుడుతుంది. నాణెం బరువు రాయకపోతే వెండి మీద అనుమానం. వాచీ లోపలి మిషన్ ఫొటో పెట్టకపోతే డయల్ మీద అనుమానం. ఆ అనుమానానికి కట్టిన వెలే ఆ రెండున్నర వేలు. అందుకే సగం పని చాట్ తెరవకముందే అయిపోవాలి. కింది వరుస కూడా అదే: ముందు అంకెలు, తర్వాత ప్రకటన, ఆ తర్వాతే బేరం.

1. ముందు మూడు అంకెలు కాగితం మీద రాసుకోండి

ఏ వస్తువుకైనా మూడు ధరలుంటాయి. అడుగు ధర: దీనికి కింద ఎవరడిగినా ఇవ్వనిది. ఆశించే ధర: ఇంతకు పోతే తృప్తి. చెప్పే ధర: ప్రకటనలో కనిపించేది. ఈ మూడూ ప్రకటన పెట్టకముందే రాసి పెట్టుకోవాలి. బేరం మధ్యలో లెక్కలు మొదలుపెడితే అవతలివాళ్ళ అంకెకే మనం అలవాటు పడిపోతాం.

అడుగు ధర ఎలా కట్టాలి? వెండి నాణేలకు ఇది తేలిక. విక్టోరియా కాలం నుంచి 1939 దాకా వచ్చిన వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో వెండి 91.7 శాతం. అంటే స్వచ్ఛమైన వెండి దాదాపు 10.69 గ్రాములు. 1940 నుంచి 1945 దాకా వచ్చిన ఆరో జార్జి రూపాయి బరువూ అంతే, వెండి మాత్రం సగమే, 5.83 గ్రాములు. 1947 రూపాయిలో వెండే లేదు, అది నికెల్. అయస్కాంతం పెడితే అతుక్కుంటుంది.

లెక్క సులువు కోసం వెండి గ్రాము 200 అనుకుందాం. మొదటి రకం రూపాయిలో వెండి విలువే 2,138. రెండో రకంలో 1,166. "పాత రూపాయిల్లో సగమే వెండి సార్" అంటూ 1901 నాటి నాణేన్ని 1,100కు అడిగేవాళ్ళు ఈ రెండింటినీ కావాలనో తెలియకో కలిపేస్తారు. మీ దగ్గర లెక్క ఉంటే ఆ మాట అక్కడే ఆగిపోతుంది. చేతులు మారి అరిగిన నాణెం కొంచెం తేలికగా తూగుతుంది కాబట్టి పుస్తకంలోని బరువు కాకుండా మీ తూకంలో వచ్చిన బరువునే 0.917తో గుణించండి. నగల తూకానికి వాడే, 0.01 గ్రాము దాకా చూపే చిన్న డిజిటల్ త్రాసు ఒకటి కొనుక్కోవడం మంచిది.

నగరత్‌పేట, అవెన్యూ రోడ్డు వైపు వెండి షాపులో అడిగితే బోర్డు రేటు కంటే తగ్గించే ఇస్తామంటారు. ఆ తగ్గించిన అంకెనే అడుగు ధరకు మొదలుగా పెట్టుకోండి. షాపులో ఈ రోజే చేతికొచ్చే డబ్బు కంటే తక్కువకు ఆన్‌లైన్‌లో అమ్మడంలో అర్థం లేదు.

వాచీలకు ఇలాంటి లోహపు లెక్క ఉండదు. అమ్ముడుపోయిన ధరలే ఆధారం. ఇక్కడే చాలామంది పొరబడతారు: ప్రకటనల్లో అడుగుతున్న ధరలు చూసి అదే మార్కెట్ అనుకుంటారు. ఏడాదిగా అమ్ముడుపోకుండా పడున్న ప్రకటన కూడా అందులో ఒకటే. ఈబేలో "సోల్డ్ ఐటమ్స్" అనే వడపోత పెట్టి చూడండి. వేలం సంస్థలు పెట్టే పాత ఫలితాలు చూడండి, కాకపోతే అందులో కొన్నవారు సంస్థకు కట్టే కమిషన్ కలిసుందో లేదో గమనించండి. అదే మోడల్, అదే స్థితిలో ఉన్నవి కనీసం అయిదు దొరికితే బాగా ఎక్కువదీ బాగా తక్కువదీ తీసేసి, మిగిలిన మూడింటి మధ్య ధరను ఆశించే ధరగా పెట్టుకోండి.

చెప్పే ధర దానికి 10 నుంచి 15 శాతం పైన ఉంటే చాలు. "ఎలాగూ సగం అడుగుతారు కదా" అని రెట్టింపు పెడితే జరిగేది ఒక్కటే: విషయం తెలిసిన కొనుగోలుదారు ప్రకటన దాటేసి వెళ్ళిపోతాడు, గాలివాటం బేరగాళ్ళే మిగులుతారు.

2. సాకు దొరకని ప్రకటన

హెచ్‌ఎమ్‌టీ జనతా మోడల్ వాచీనే తీసుకుందాం. మార్కెట్లో డయల్ మార్చి కొత్త రంగు ముద్రించిన వాచీలు బోలెడు తిరుగుతున్నాయి. సేకర్తలు వాటిని "ముంబై స్పెషల్" అంటారు. అవి చౌక. మీది అసలు డయలే అయినా, ఫొటోలో తేడా కనబడకపోతే మీకూ ఆ ధరే అడుగుతారు. వాళ్ళ తప్పేం లేదు.

కాబట్టి డయల్‌ను అద్దానికి తిన్నగా, నీడ పడకుండా, అక్షరాల అంచులు తెలిసేంత దగ్గరగా తీయండి. భూతద్దం కింద చూస్తే మళ్ళీ ముద్రించిన డయల్‌లో లోగో అంచులు చెదిరినట్టుంటాయి, నిమిషాల గీతలు గంటల గుర్తులకు సరిగ్గా ఎదురు రావు. మీ వాచీలో అవి తిన్నగా ఉంటే ఆ ఒక్క ఫొటోయే సగం బేరాన్ని ఆపుతుంది. తర్వాత వెనక మూత తీయించి మిషన్ ఫొటో. జనతాలో ఉండేది 17 జ్యువెల్స్ (అరుగుదల తగ్గించే చిన్న రాళ్ళు) ఉన్న, చేత్తో కీ ఇచ్చే 0231 నంబరు మిషన్. ఆ ముద్ర ఫొటోలో చదవగలిగేలా ఉండాలి. మూత సొంతంగా చాకుతో లేపకండి. గీత పడిందంటే అది రేపటి బేరానికి పనికొచ్చే సాకు. వీధి చివర వాచీ రిపేరు అతను నిమిషంలో తీసి ఇస్తాడు.

నాణేలకు ఒక గట్టి హెచ్చరిక. అమ్మేముందు చింతపండుతోనో నిమ్మకాయతోనో పీతాంబరితోనో తోమకండి. ఏళ్ళ తరబడి పట్టిన ఆ నల్లని పొరే సేకర్తకు కావలసింది. తోమిన నాణెం తళతళలాడుతుంది కానీ సన్నని గీతలు పడతాయి, వాటిని తీసేయడం ఎవరి తరమూ కాదు. "క్లీన్ చేసినది" అని ధర తగ్గించి అడిగితే అది న్యాయమైన బేరమే.

ప్రకటన పెట్టే ముందు ఇవి సరిచూసుకోండి:

☐ పొద్దుటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీసిన ఫొటోలు: ముందు, వెనక, అంచు, దగ్గరి చూపు
☐ త్రాసు మీద బరువు కనిపించే ఫొటో (నాణెం), మిషన్ ఫొటో (వాచీ)
☐ ప్రతి లోపానికీ ఒక ఫొటో, ఒక వాక్యం. "గ్లాసు మీద 4 దగ్గర చిన్న గీత" అని చోటుతో సహా
☐ వాచీ రోజుకు ఎన్ని నిమిషాలు ముందుకో వెనక్కో పోతుందో, చివరిసారి సర్వీస్ ఎప్పుడు చేయించారో
☐ ఎక్కడ చూపిస్తారు, పోస్టులో పంపితే ఖర్చు ఎవరిది
☐ "అర్జెంట్", "ఊరు మారుతున్నాం", "ఎంతకైనా సరే" లాంటి మాటలు ఎక్కడా లేవు

ఆ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఇల్లు ఖాళీ చేస్తున్నట్టు తెలిస్తే నెలాఖరు దాకా ఆగి మరీ అడుగుతారు. "నెగోషియబుల్" అని రాయడం కూడా అనవసరం. అడగాలనుకున్నవాళ్ళు ఎలాగూ అడుగుతారు. "ఫిక్స్‌డ్" అని రాస్తే మాత్రం నిజంగా దాని మీదే నిలబడండి.

3. అడిగేది ఎవరో పోల్చుకోండి

మొదటి మెసేజ్‌తోనే చాలావరకు తెలిసిపోతుంది. వస్తువు గురించి ఒక్క ప్రశ్న కూడా లేకుండా అంకె మాత్రమే పంపేవాళ్ళు వల విసురుతున్నారు. ఇరవై ప్రకటనలకు ఒకే మెసేజ్ పంపి, ఎక్కడో ఒకచోట తగలకపోతుందా అని చూస్తారు. చిక్‌పేట ఆదివారం బజారులో అమ్ముకునే వ్యాపారి అలా కాదు. ఆయన ప్రశ్నలు వేస్తాడు, ధర మాత్రం తన లాభం పోగా చెబుతాడు. అది తక్కువే అయినా అవమానం కాదు, ఆయన బతుకుతెరువు అదే. ఎనిమిది, పది వస్తువులు ఒకేసారి తీసేయాలనుకుంటే ఆయనే మంచి కొనుగోలుదారు కూడా.

మూడో రకం అసలు సేకర్త. మిషన్ నంబరు అడుగుతాడు, ఇంకో కోణంలో ఫొటో అడుగుతాడు, చివర్లో తక్కువే అడుగుతాడు. ఈయన్ని వదులుకోవద్దు. మీ ఓపికంతా ఈయన కోసమే దాచుకోండి.

4. జవాబు ఎలా ఇవ్వాలి

కోపం వచ్చినప్పుడు టైప్ చేయకండి. అరగంట ఆగండి. "నీ మొహానికి ఈ వాచీ ఎందుకు" అనాలనిపించడం సహజమే. కానీ బెంగళూరు సేకర్తల వాట్సాప్ గుంపుల్లో అటూ ఇటూ తిరిగేది ఆ వందమందే. స్క్రీన్‌షాట్ ఒకటి తిరిగితే చాలు.

అంకెను బట్టి జవాబు:

చెప్పే ధరలో సగానికి కింద: ఎదురు ధర చెప్పకండి. చెబితే బేరం ఆ అట్టడుగు అంకె నుంచి మొదలవుతుంది. "నమస్తే అండీ. ఆ ధరకు ఇవ్వలేను. వివరాలు, మిషన్ ఫొటో ప్రకటనలో ఉన్నాయి, చూసి చెప్పండి" అంటే చాలు. ఒక్కసారే.

సగానికి పైన, అడుగు ధరకు కింద: చెప్పే ధర నుంచి కొద్దిగా తగ్గి ఎదురు చెప్పండి. కారణం ఒక్కటి జోడించండి.

అడుగు ధర దాటితే: తగ్గే ప్రతిసారీ బదులు ఏదైనా అడగండి. ఈ రోజే తీసుకోవడం, మీ వైపుకే రావడం, పోస్టు ఖర్చు వాళ్ళు పెట్టుకోవడం.

ఒక బేరాన్ని దగ్గరగా చూద్దాం. జనతా వాచీ. చెప్పే ధర 5,500, ఆశించేది 4,800, అడుగు 4,300.

"అన్నా, 2,500 ఫైనల్. ఇప్పుడే పంపుతా."
"అండీ, ఆ ధరకు కుదరదు. డయల్ ఒరిజినల్, మిషన్ ఫొటో మూడోది చూడండి."
"3,500?"
"5,200 చేస్తాను. పోయిన మార్చిలో సర్వీస్ అయింది, బిల్లుంది."
"4,200 అన్నా, ప్లీజ్."
"5,050."
"4,800 లాస్ట్. ఇంక మాట్లాడను."
"సరే. సాయంత్రం ఆరుకు కుందలహళ్ళి మెట్రో దగ్గరికి రండి. అక్కడ చూసుకుని యూపీఐ చేయండి."

తగ్గిన మెట్లు గమనించండి: ముందు 300, తర్వాత 150. మెట్టు చిన్నదవుతున్నకొద్దీ అడుగు దగ్గరపడిందని అవతలివారికి మాటల్లేకుండానే అర్థమవుతుంది. మొదట 200 తగ్గి, తర్వాత ఒక్కసారిగా 700 తగ్గితే ఇంకా లాగొచ్చని సూచన ఇచ్చినట్టే. చివరి 250 కూడా ఊరికే పోలేదు. అదే రోజు, మీ ఇంటి దగ్గరికే రావాలన్న షరతు కొనిపెట్టింది. ఇంకో మాట: "మీరే ఒక మంచి ధర చెప్పండి" అని అడిగితే ప్రకటనలోని ధరనే మళ్ళీ చెప్పండి. అడగకముందే తగ్గడం మన తెలుగువాళ్ళ మొహమాటం, దానికి ప్రతిసారీ ఖరీదు కడతాం.

ఈబేలో కొనేవారు తమ ధర తామే అడిగే "బెస్ట్ ఆఫర్" పెడితే, ఏ అంకెకు కింద వచ్చినవి వాటంతటవే తిరస్కరణ కావాలో ముందే అమర్చుకోవచ్చు. అడుగు ధరను అక్కడ పెట్టేస్తే వల విసిరేవాళ్ళు మీ కంటపడరు.

5. తరచూ వినిపించే సాకులు, వాటి విరుగుడు

"ఇదే వాచీ ఓఎల్‌ఎక్స్‌లో 1,200కే ఉంది." వాదించకండి. "లింకు పంపండి, డయల్ పోల్చి చూద్దాం" అనండి. లింకు వస్తే అది దాదాపుగా ముద్రించిన డయలే అయ్యుంటుంది. తేడా ఒక్క వాక్యంలో చూపించండి. లింకు రాకపోతే ఆ మాట ఉత్తదే.

"ఇది రేర్ కాదు." నిజమే కావచ్చు, ఒప్పుకోండి. బెంగళూరు ఫ్యాక్టరీ వాచీ కాబట్టి ఇక్కడ చాలా ఇళ్ళల్లో ఒకటుంటుంది. "రేర్ అని ఎక్కడా రాయలేదండీ, స్థితిని బట్టి ధర పెట్టాను" అంటే ఆ దారి మూసుకుపోతుంది. ప్రకటనలో "అత్యంత అరుదు" అని రాసినవాళ్ళకు ఈ జవాబు చెప్పే వీలుండదు.

"గ్రేడింగ్ చేయించలేదుగా?" నాణెం అసలుదేనా అని చూసి, స్థితికి మార్కు వేసే ఎన్‌జీసీ, పీసీజీఎస్ లాంటి సంస్థల గ్రేడింగ్‌కు ఖర్చవుతుంది. మామూలు సంవత్సరపు రూపాయికి అది గిట్టుబాటు కాదు. అదే జవాబుగా చెప్పండి. "గ్రేడింగ్ ఉంటే ధర ఇది కాదండీ" అన్నా సరిపోతుంది.

"పది తీసుకుంటా, సగం ధరకు ఇవ్వు." పదింట్లో మంచివి రెండే ఉంటాయి, వాటికోసమే ఈ బేరం. ఏవేవి కావాలో విడివిడిగా రాయించుకుని, మొత్తం మీద 10 శాతం తగ్గించండి. ముందు రెండు కొంటా, మిగతావి తర్వాత అంటే తగ్గింపు చివరి విడతలోనే.

6. ఎదురుపడ్డాక జరిగే రెండో బేరం

చాట్‌లో 4,800కు ఒప్పుకున్న మనిషి వాచీ చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, పెదవి విరిచి, "4,000 ఇస్తా అన్నా" అంటాడు. ఇది అనుకోకుండా జరిగేది కాదు. మీరు అంతదూరం వచ్చారు కాబట్టి ఖాళీ చేతులతో పోలేరన్న లెక్క.

మారతహళ్ళి నుంచి మల్లేశ్వరం పోయి రావడానికి సాయంత్రంపూట రెండుమూడు గంటలు పోతాయి. అంతసేపు ట్రాఫిక్‌లో నలిగినవాళ్ళకు బేరమాడే ఓపిక ఉండదు. కాబట్టి కొనేవారే మీ వైపు రావాలి. ఇంటికి కాదు, దగ్గర్లోని మెట్రో స్టేషన్ దగ్గరికో, జనం ఉండే దర్శిని హోటల్‌కో. అలా కుదరకపోతే సగం దారిలో ఎంజీ రోడ్డు మెట్రో. ఎలాగూ వెళ్ళే పని ఉన్న రోజే పెట్టుకోండి, అప్పుడు వట్టి చేతులతో తిరిగొచ్చినా నష్టం లేదు.

అక్కడ ధర మారిస్తే ఒక్క ప్రశ్న అడగండి: "ప్రకటనలో చెప్పని లోపం ఏదైనా కనిపించిందా?" నిజంగా ఉంటే తగ్గించడం ధర్మం. లేకపోతే వాచీ డబ్బాలో పెట్టేసి, "పర్లేదండీ, ఇంకొకరు అడుగుతున్నారు" అని లేవండి. చాలామంది రెండడుగులు వేసేలోపే పిలుస్తారు. పిలవకపోయినా పోనివ్వండి.

☐ ఒప్పుకున్న ధర చాట్‌లో రాతపూర్వకంగా ఉంది
☐ బయల్దేరే ముందు "4,800, ఆరు గంటలకు" అని మళ్ళీ మెసేజ్ పెట్టారు
☐ భూతద్దం, నాణెమైతే త్రాసు వెంట ఉన్నాయి
☐ డబ్బు మీ బ్యాంకు ఖాతాలో పడ్డట్టు మీ ఫోన్లోనే చూసుకున్నారు. అవతలివారి స్క్రీన్‌షాట్ లెక్కలోకి రాదు

7. ఎక్కువ ఇస్తానంటే ఇంకా జాగ్రత్త

వరసగా తక్కువ బేరాలతో విసిగిపోయినప్పుడే ఈ మెసేజ్ వస్తుంది: "అడిగినంత ఇస్తా, క్యూఆర్ పంపుతున్నా, స్కాన్ చేసి పిన్ కొట్టండి." యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే మీ డబ్బే పోతుంది.

పాత నోట్లు, నాణేలకు లక్షలిస్తామని, ముందు కమిషనో పన్నో కట్టమని రిజర్వ్ బ్యాంకు పేరు చెప్పేవాళ్ళూ ఉన్నారు. ఇలాంటి లావాదేవీలతో తమకు సంబంధం లేదనీ, ఎవరికీ ఏ రుసుమూ కట్టొద్దనీ ఆర్‌బీఐ 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. అమ్మేవాళ్ళు ముందుగా డబ్బు కట్టే బేరం ఏదీ ఉండదు.

అమెరికాలో ఉన్నవాళ్ళు నాణేనికి మంచి ధర ఇస్తామన్నప్పుడు సంవత్సరం చూసుకోండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం 100 ఏళ్ళు దాటిన నాణెం పురావస్తువే, దాన్ని మనంతట మనం దేశం దాటించకూడదు. విక్టోరియా, ఏడో ఎడ్వర్డు రూపాయిలన్నీ ఇందులోకి వస్తాయి. సూట్‌కేసులో పెట్టి పంపడం కూడా తప్పే.

8. పోస్టులో పంపాక వచ్చే బేరం

"పార్శిల్ వచ్చింది, గ్లాసు మీద గీత ఉంది, 1,000 వెనక్కి పంపండి." దీనికి మందు ముందే వేసుకోవాలి. వస్తువును అన్ని వైపులా చూపించి, డబ్బాలో పెట్టి, టేపు అంటించి, చిరునామా రాసేదాకా ఆపకుండా ఒకే వీడియో తీయండి. "తెరిచేటప్పుడు మీరూ వీడియో తీయండి, అది లేకుండా ఫిర్యాదు తీసుకోను" అని డబ్బు తీసుకోకముందే రాయండి. స్పీడ్ పోస్టుకు ఇన్సూరెన్స్ కట్టించండి.

ఫిర్యాదు వస్తే కొంత డబ్బు వెనక్కిచ్చే మాటే ఎత్తకండి. "వస్తువు తిప్పి పంపండి, వీడియోతో సరిపోల్చి మొత్తం డబ్బు ఇస్తాను" అనండి. నిజంగా గీత పడి ఉంటే ఆయన తిప్పి పంపుతాడు, మీరూ మాట నిలబెట్టుకోవాలి. తగ్గింపు కోసమే అన్నదైతే ఆ ఊసు మళ్ళీ రాదు.

9. మూడు వారాలైనా అన్నీ తక్కువ బేరాలే వస్తుంటే

అప్పుడు తప్పు అడిగేవాళ్ళది కాకపోవచ్చు. వచ్చిన ఆఫర్లన్నీ ఒక కాగితం మీద వరసగా రాయండి. వల విసిరినవి కొట్టేయండి. మిగిలిన వాటిలో ముగ్గురు, నలుగురు వేర్వేరు మనుషులు, ఒకరికొకరు తెలియనివాళ్ళు, అటూఇటుగా ఒకే అంకె అడిగి ఉంటే మార్కెట్ ధర అదే. మీ ఆశించే ధరను సరిచేసుకోండి. అసలు ఎవరూ అడగకుండా చూసి పోతుంటే మొదటి ఫొటో మార్చండి, ధర జోలికి ఇప్పుడే వెళ్ళకండి.

ధర తగ్గించాల్సి వస్తే అదే ప్రకటనలో వారానికో వంద చొప్పున కొయ్యకండి. చూస్తున్నవాళ్ళు ఇంకో వారం ఆగుదామనుకుంటారు. ప్రకటన తీసేసి, పది పదిహేను రోజులు ఆగి, కొత్త ఫొటోలతో, సరిచేసిన ధరతో ఒకేసారి పెట్టండి. పెట్టగానే, పాత చాట్లలో మిషన్ నంబరు అడిగిన ఆ సేకర్తకు ముందుగా లింకు పంపండి.